కలకత్తా నగర సంచారము

హౌరా స్టేషనులో రైలు దిగి మేము సామాను లెక్కపెట్టుకొనుచుండగనే మా అత్తగారు, “ముందు నాకు వంతెన చూపించండర్రా, ఆ తరవాతే మీ పాతాళపు రైలు” అనిరి.

మేమిద్దరము తోడికోడండ్రము. 2025 డిసెంబరులో, మార్గశిరమాసపు చలిలో, డెబ్బదియేండ్ల అత్తగారిని వెంటబెట్టుకొని రాజమహేంద్రవరమునుండి కలకత్తాకు పోయితిమి. మగవారికి సెలవు దొరకలేదు. దొరకువరకు ఆగుదమన్నచో అత్తగారి మోకాళ్లు ఆగునట్లు లేవు. ఆ నగరము ఆమెకు క్రొత్త కాదు. మా మామగారు గార్డెన్ రీచిలోని రైల్వే ప్రధాన కార్యాలయమున గుమాస్తాగా నున్న కాలమున, 1974 మొదలు 1981 వరకు, వారి కాపురమచ్చటనే. మా యిరువురి పెనిమిటులును ఆ యూరనే పుట్టిరి. మామగారు గతించిన పిదప ఆమె నోరు తెరచి యడిగిన కోరిక యిదొక్కటే: ఆ యిల్లు మరల చూడవలెను, ఆ రైలు ఒక్కమారు ఎక్కవలెను.

ఆ రైలనగా భూమిలోపల నడచు మెట్రో రైలు. దానికి శంకుస్థాపన 1972 డిసెంబరు 29న జరిగినది. తరువాత కొన్నియేండ్లు నగరమునడుమ వీధులను నిలువున త్రవ్వి, గోడలు కట్టి, పైకప్పు వేసి, మరల మట్టి కప్పుచు పని సాగించిరి. అత్తగారెరిగిన కలకత్తా అదియే: చౌరంగీ పొడవునను గోతులు, వానిపై పలకలు, దుమ్ము, వానకాలమున బురద. వారు ఊరు విడిచిన మూడేండ్లకు, 1984 అక్టోబరు 24న, ఎస్ప్లనేడు మొదలు భవానీపురము వరకు మొదటి బండి నడచినది. మన దేశమున భూగర్భమున నడచిన మొదటి మెట్రో అదియే. “గొయ్యి చూసి వచ్చాను గానీ రైలు చూడలేదు” అని అత్తగారు నలుబదియేండ్లకు పైగా చెప్పుచునేయున్నారు.

సామానుతో మెట్లు దిగుట మొదటినాడే యెందుకని టాక్సీకి పోయితిమి. స్టేషను వెలుపల పోలీసువారి బల్లయొద్ద ముందుగా రొక్కము చెల్లించి చీటీ పుచ్చుకొను ఏర్పాటు గలదు. క్రొత్తగా పోవు స్త్రీలు ఆ బారులో నిలుచుటయే మేలు. మాకా బుద్ధి వెంటనే పుట్టలేదు. ముందు బేరమునకు దిగితిమి. ఒకడు రెట్టింపు చెప్పెను. ఒకడు మీరు పోవు చోటు మరీ దగ్గరనెను. మరియొకడు మా మాట ముగియకమునుపే అద్దమెత్తుకొనెను. అతని బండితలుపుమీద మాత్రము ‘నిరాకరణ లేదు’ అని ఇంగ్లీషున పెద్ద యక్షరములతో వ్రాసియున్నది.

కడకు చీటీతో దొరికినది పసుపుపచ్చని అంబాసిడరు. మన పెద్దల కాలపు కారే. నునుపైన క్రొత్త కార్లకు లేని గుణమొకటి దానికి గలదు. ఎక్కుటకు నడుము వంచనక్కరలేదు. వెనుకసీటులో ముగ్గురము చీరలు నలుగకుండ కూర్చుండి, నడుమ ఫలహారపు డబ్బా పెట్టుకొనగలిగితిమి. కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడా కర్మాగారమున 2014లో వీని తయారీ నిలిచిపోయినది. పదునైదేండ్లు నిండిన బాడుగబండ్లు వీధిలో తిరుగరాదను నియమము ఆ నగరమున గలదు. కాబట్టి యేటేట ఇవి తరిగిపోవుచున్నవి. 2023లో ప్రభుత్వమువారు ‘యాత్రీ సాథీ’ యను పేర ఫోనుద్వారా టాక్సీ పిలుచుకొను ఏర్పాటొకటి చేసిరి. బేరము తప్పును గనుక మేము పిమ్మట దానినే వాడితిమి. అయినను ఫోనులో చూపిన బండి నాలుగు నిమిషములలో వచ్చుననగా నమ్మి టీ త్రాగుట మానుకొనవలదు.

వంతెన వచ్చినది. 1943 ఫిబ్రవరి 3న దీనిపై రాకపోకలు మొదలైనవి. నదిలో ఒక్క స్తంభమైనను లేదు. ఇరువదియారువేల అయిదువందల టన్నుల ఉక్కును మరలు బిగింపక, రివెట్లతోనే కూర్చి నిలిపిరి. 1965లో రవీంద్రసేతువని పేరు పెట్టినను జనుల నోట హౌరా వంతెనయే. అత్తగారు కిటికీలోనుండి తల యెత్తి ఆ యినుపకొమ్మలను చూచుచు ఒక్కమాటయు ననలేదు. ఆవలియొడ్డున మల్లిక్ ఘాటు పూలబజారు కనబడగనే, “బంతిపూలు గంపలకొద్దీ! మీ మావయ్య ఆదివారం తెచ్చేవారు” అనిరి. మావయ్యగారు పూలు తెచ్చెడివారని మేము వినుట అదియే మొదలు.

ధర్మతలకు చేరువను బస కుదిరినది. మరునాడుదయము నడకతో ఆరంభించితిమి. కలకత్తాలో కాలిబాట నడచుటకు మాత్రమే కాదు. అచ్చట చొక్కాలమ్ముదురు, పూరీలు వేయింతురు, గొట్టపుబావి క్రింద స్నానమాడుదురు, తలలు దువ్వుకొందురు, నిద్రింతురు. మిగిలిన చోట మనము నడువవలెను. కాని ఒక సుగుణము చెప్పితీరవలెను. దారి యడిగినచో తెలియదని పోవువారు తక్కువ. ఒకరినడిగిన ముగ్గురు చేరుదురు. ముగ్గురును వాదించుకొని, తుదకు ‘సోజా’ అని చేయి చాపుదురు. తిన్నగా పొమ్మని దాని యర్థము. అత్తగారు అందరికిని ‘మాసీమా’, అనగా పిన్నమ్మ. మేము ‘దీదీ’లము. బస్సులో నుండి స్త్రీ దిగునప్పుడు కండక్టరు తలుపుమీద అరచేత కొట్టి, “ఆస్తే, లేడీస్!” అని డ్రైవరుకు కేకవేయును. మెల్లగా పోనిమ్మని హెచ్చరిక. ఆ కేక తమ కాలమునను నున్నదని అత్తగారు చెప్పి, దానిని వినుటకే రెండు స్టాపుల దూరము బస్సెక్కించిరి.

ఇక నదిక్రింది రైలు. హౌరాకును కలకత్తాకును నడుమ ప్రవహించు హుగ్లీ గంగానది పాయయే. దాని యడుగున ఇరువదియైదు హస్తములకు తక్కువ గాని లోతున మట్టిలో రెండు సొరంగములు త్రవ్వి, 2024 మార్చి 15 నుండి ప్రజలకు రైలు నడుపుచున్నారు. నదిక్రింద మెట్రో నడచుట మన దేశమున ఇదియే ప్రథమము. హౌరా స్టేషను నేలకు ముప్పది మీటర్లకు పైగా లోతున నున్నది. పది అంతస్తుల మేడను తలక్రిందుగా పాతిపెట్టినట్లనుకొనవలెను. కదలుమెట్లు ఒకదాని తరువాత నొకటి దిగవలెను. చీర కట్టినవారు కుచ్చెళ్లను ఎడమచేత చీలమండలకు పైగా ఎత్తిపట్టి, కుడిచేత కమ్మిని పట్టుకొనవలెను. మెట్టంచుమీది పచ్చగీతపై కాలు మోపరాదు. దిగునప్పుడు క్రిందికి చూచి భయపడక, ముందున్నవారి వీపును చూచుట మంచిది. ఇది మాకు అనుభవముమీద తెలిసినది.

ఎస్ప్లనేడులో ఎక్కితిమి. ప్లాటుఫారము అంచున గాజుగోడ గలదు. బండి వచ్చి నిలిచిన పిదపనే అందలి తలుపులు తెరచుకొనును. నడుమ మహాకరణ్ అను స్టేషను, దాని తరువాత నది. నదిక్రింద నుండు భాగమునకు గురుతుగా సొరంగపు గోడలకు నీలిదీపము లమర్చియున్నారు. ఆ దూరము 520 మీటర్లు. దాటుటకు ఇంచుమించు 45 సెకండ్లు పట్టును. ఇదంతయు అత్తగారికి ముందే చెప్పితిమి. తీరా బండి కదలగనే ఆమె చెప్పులు విడిచి, కాళ్లు పైకి మడుచుకొని, కన్నులు మూసి, చేతులు జోడించిరి. “గంగమ్మ నెత్తిమీదుండగా చెప్పులతో కూర్చోనా?” అని ముందే అనియుండిరి. ఎదుట కూర్చున్న కళాశాల బాలిక యొకతె ఆమెను చూచి తన చెవులలోని తీగలు తీసివేసి ఊరకుండెను. మేము కిటికీలోనుండి నీలిదీపములు చూచితిమి. అత్తగారు కన్నులు తెరచుసరికి హౌరా వచ్చినది. “అయిపోయిందా?” అనిరి. ఆ స్వరములోని చిన్నబుచ్చుకొనుట మేము గమనింపకపోలేదు. గట్టునకు పోయి, తిరుగుప్రయాణము లాంచిలో చేసితిమి. రెండు దినములలో గంగను మూడువిధముల దాటినట్లైనది: పైనుండి, క్రిందనుండి, నీటిమీదుగా. లాంచి చేరిన బాబూఘాటు రాణీ రాస్మణి భర్త పేర వెలసినది. దక్షిణేశ్వరపు కాళికాలయమును 1855లో కట్టించిన వితంతువు ఈమెయే. 2021 నుండి మెట్రో దక్షిణేశ్వరము వరకును పోవుచున్నది గనుక ఒకే బండిలో దక్షిణేశ్వరమునుండి కాళీఘాటునకు, ఒక కాళినుండి వేరొక కాళికి, పోవచ్చును.

ఈ సొరంగముల ముచ్చట వినుటకింపుగా నున్నను దానికి మరియొక ప్రక్క గలదు. సొరంగము త్రవ్వు యంత్రములకు ఆడపేర్లు పెట్టుట వాడుక. నదిక్రింద త్రవ్వినవి ప్రేరణ, రచన. నగరముక్రింద త్రవ్విన రెంటిలో ఒకటి చండి, వేరొకటి ఊర్వి. 2019 ఆగస్టు 31న బవ్‌బజారు క్రింద త్రవ్వుచుండగా చండికి నీటిపొర యొకటి తగిలినది. నీరు సొరంగములోనికి వెడలి, పైనేల క్రుంగినది. పాతయిండ్లు కొన్ని కూలినవి, మరికొన్ని బీటలు వారినవి. వందలకొలది జనులు కట్టుబట్టలతో ఇండ్లు విడిచిపోవలసివచ్చినది. అది స్వర్ణకారుల పేట. 2022లో మరల రెండుమారులు ఇండ్లు బీటలు వారినవి. ఈ కారణమున సియాల్దాకును ఎస్ప్లనేడుకును నడుమ మార్గము 2025 ఆగస్టు 22 వరకు తెరవబడలేదు. ఇప్పుడు హౌరా మైదానము మొదలు సాల్ట్ లేకు వరకు ఏకధాటిగా పోవచ్చును.

మేమా పేటలో ఒక సాయంకాలము తిరిగితిమి. అందె మువ్వలు కొనుటకు ఒక చిన్నదుకాణమున కూర్చుండగా, లోపలినుండి వచ్చిన ముసలమ్మ యొకతె అత్తగారితో బంగాళీలో మాటలు కలిపెను. ఆమె చెల్లెలిది ఆ సందులోని యిల్లేనట. ఖాళీ చేయుడని చెప్పినప్పుడు ఏమేమి పట్టుకొనవలెనో తోచక, పొయ్యిమీది అన్నపుగిన్నెను గుడ్డతో పట్టుకొని వీధిలోనికి వచ్చి నిలిచినదట. నగలపెట్టె లోపలనే యున్నది. అన్నము మాత్రము చేతనున్నది. “ఆ సమయానికి చేతికి అదే వస్తుంది” అని అత్తగారు దారిపొడుగునను మాతో అనుచువచ్చిరి. బండి ఆ చోటిక్రింద పోవునప్పుడెల్ల మాకా గిన్నెయే జ్ఞప్తికి వచ్చినది.

మూడవనాడు గిరీశ్ పార్కు స్టేషనులో దిగి, వివేకానందుని జన్మగృహము చూచి, హెదువా చెరువుదాక నడచితిమి. ఆ చెరువుప్రక్కను బెథూన్ విద్యాలయము గలదు. బాలికల కొరకై 1849లో స్థాపింపబడినది. కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు అచ్చటినుండియే పట్టభద్రురాండ్రైరి. 1883లో పట్టము పుచ్చుకొన్న ఆ యిరువురును మన దేశపు తొలి పట్టభద్రురాండ్రలోనివారు. గేటువెలుపల నిలిచి చూచితిమి. లోపలినుండి బాలికలు నవ్వుకొనుచు గుంపులుగా వచ్చుచుండిరి. ఎవరును మావంకగాని భవనమువంకగాని చూడలేదు.

అచ్చటినుండి కాలేజీ వీధి పుస్తకాల యంగళ్లకు పోవలెనని మా తలంపు. మధ్యదారిలో అత్తగారి మోకాలు మొరాయించినది. టాక్సీలు ఆగుటలేదు. అట్టి సమయమున చేతిగంటను బండికాడిపై టింగుటింగున కొట్టుచు మనుష్యుడు లాగు రిక్షా యొకటి వచ్చినది. ఇవి ఆ నగరమున ఇంకను పూర్తిగా పోలేదు. 2006లో రాష్ట్ర శాసనసభ వీనిని మాన్పింప బిల్లు చేసినను అది అమలునకు రాలేదు. బిమల్ రాయ్ 1953లో తీసిన ‘దో బీఘా జమీన్’ చిత్రము చూచినవారికి ఈ బండి యెక్కుటకు మనసొప్పదు. మాకును ఒప్పలేదు. వలదంటిమి. లాగువాడు అరువదియేండ్లవాడు, బీహారువాడు. కోపింపక హిందీలో మెల్లగా చెప్పెను: “నడవలేని అమ్మను నడిపించి మీరు పుణ్యం కట్టుకుంటారు. సరే. నాకు ఈ పూట రొట్టె ఎవరిస్తారు?”

మాలో పెద్దది ఎక్కవలదనెను. చిన్నది ఎక్కక వానికి రొక్కమిచ్చి పంపుదమనెను. రొక్కము అతడు పుచ్చుకొనలేదు. మేము వీధిలో వాదించుకొనుచుండగా అత్తగారు రిక్షా యెక్కి కూర్చుండిరి. మేమిద్దరమును ప్రక్కల నడచితిమి. అతని కాళ్లకు చెప్పులు లేవు. పది నిమిషముల ఆ దారిలో అత్తగారు ఎన్నడును లేనంతటి తేలికగా కూర్చుండ యత్నించినట్లు వెనుకకు ఆనుకొనక, రెండు చేతులతో కమ్ములు పట్టుకొని యుండిరి. దిగిన పిదప అడిగినదానికి రెట్టింపిచ్చి, మా సంచిలోని జంతికల పొట్లమంతయు అతని చేతబెట్టిరి. ఎక్కుట తప్పో, ఎక్కకుండుట తప్పో మా తోడికోడండ్రలో నేటికిని తీర్పు కుదరలేదు.

ఆనాటి సాయంకాలమే మా ప్రాణములు పోయి తిరిగివచ్చినవి. జరిగినది ఉన్నదున్నట్లు చెప్పెదము. తప్పు పూర్తిగా మాది. కాళీఘాటునకు పోదమని ఎస్ప్లనేడులో పాతదారి బండికొరకు నిలిచితిమి. కార్యాలయములు విడుచు వేళ. ఉదయము తొమ్మిది మొదలు పదునొకండు వరకును, సాయంకాలము అయిదు మొదలు ఎనిమిది వరకును ఆ బండ్ల జోలికి పోవలదని మా బసవారు చెప్పియేయుండిరి. మేము వినలేదు. ఈ దారిలో గాజుగోడలు లేవు. బండి రాగానే జనము కదలినది. అత్తగారు ముందుండిరి గనుక ఆ ప్రవాహములో లోపలికి పోయిరి. మేము క్రిందపడిన శాలువను తీయుటకు వంగితిమి. తలయెత్తునప్పటికి తలుపులు మూసికొనినవి. అద్దములో అత్తగారి ముఖము ఒక్కక్షణము కనబడినది. బండి పోయినది.

ఆమె ఫోను మా సంచిలో నున్నది. ఆమె టిక్కెట్టొక్కటి ఆమె చేత నున్నది. చేత దమ్మిడీ లేదు. విడిపోయినచో ఎచ్చట కలిసికొనవలెనో మేము అనుకొననైనను అనుకొనలేదు. సోదరీమణులారా, వృద్ధులతోగాని బిడ్డలతోగాని ఇట్టి నగరములకు పోవునప్పుడు ఇంటిగడప దాటకమునుపే ఈ మాట యనుకొనుడు; ఫోను ఎవరిది వారియొద్దనే యుంచుడు. ఇంటికి చెప్పుదమా వలదా యని ఒకరి ముఖము నొకరము చూచుకొంటిమి. ‘మీ అమ్మ కనబడుటలేదు’ అను మాట ఏ నోటితో చెప్పుదుము?

తరువాతి బండికి ఆరేడు నిమిషములు పట్టినది. తరువాతి స్టేషనైన పార్కు స్ట్రీటులో దిగియుండునని తలచి మేము నచ్చట దిగితిమి. ఈ కొననుండి ఆ కొనదాక బెంచీలన్నియు చూచితిమి. లేరు. ఏడ్పు గొంతులో నిలిచినది. దుస్తులు వేసికొన్న కాపలావా డొకడు వచ్చి సంగతి యడిగెను. చెప్పితిమి. అతడు ఫోనులో ఎవరితోనో మాటలాడుచు, నడుమ మావంక తిరిగి, “ఎక్కడికి పోవలెనని బయలుదేరితిరి?” అనెను. కాళీఘాటంటిమి. “ఆ సంగతి ఆమెకు తెలియునా?” అనెను. తెలియునంటిమి. “అటులైన మీరిక్కడెందుకు దిగితిరి?” అనెను. మాయొద్ద ప్రత్యుత్తరము లేదు.

మరల ఎక్కితిమి. అయినను ధైర్యము చాలక ప్రతి స్టేషనులోను తలుపుయొద్ద నిలిచి, మెడ చాచి వెదకితిమి: మైదాన్, రవీంద్ర సదన్, నేతాజీ భవన్, జతీన్ దాస్ పార్కు. రవీంద్ర సదన్ గోడలమీద మహాకవి చేవ్రాతలును చిత్రములును గలవని మేము వచ్చునప్పుడే చదివియుంటిమి. అవి యెట్లుండునో ఇప్పటికిని మాకు తెలియదు. ఆకుపచ్చ చీర యొక్కటే వెదకితిమి.

కాళీఘాటులో ఆమె బెంచీమీద కూర్చుండియున్నారు. ప్రక్కన ఆమెయీడు బంగాళీస్త్రీ యొకతె. ఇరువురి నడుమను విప్పిన కాగితపుపొట్లములో సందేశ్ మిఠాయి. అత్తగారు బంగాళీలో ఏదో చెప్పుచుండిరి. ఆమె నోట చేయడ్డము పెట్టుకొని నవ్వుచుండెను. మమ్ము చూచి అత్తగారు లేవనైనను లేవలేదు.

“కాళీఘాటని కదర్రా చెప్పారు? నేను కాళీఘాట్‌కే వచ్చాను. మీరెక్కడికి పోయారు?”

మాలో చిన్నది భోరున ఏడ్చినది. బంగాళీ తల్లి ఆమెకొక సందేశ్ ఇచ్చెను. పెట్టెలోపల స్త్రీలకై వేరుపరచిన సీట్లున్నవి. వానిలో నొకదానిని ఒక పడుచు విడిచి యిచ్చెనట. కాళీఘాటునకు ఇంకెన్ని స్టేషన్లని అత్తగారు బంగాళీలో నడిగిరట. నలుబదినాలుగేండ్లుగా మాటలాడని భాష. “నోరు తెరిస్తే అదే వచ్చింది” అనిరి. నేర్చినది బడిలో కాదు. క్వార్టర్లలో కొళాయియొద్ద, బిందె నిండువరకు, ప్రక్కయింటివారితో.

కాళిని దర్శించి బసకు వచ్చిన పిదప, రాత్రి దీపమార్పి పండుకొన్నప్పుడు, చీకటిలో ఆమెయే పలికిరి. మామగారు చెడ్డవారు కారనిరి. ఆ కాలమట్టిది, ఊరిలో అల్లరులు, సమ్మెలు, బాంబులు. ఆడువారెందుకు బయటకనెడి వారు. కావలసినదెల్ల ఇంటికే తెచ్చియిచ్చిరి. బయటికి పోయినప్పుడు వెంటబెట్టుకొని పోయిరి. “ఏడేళ్లున్నాను ఈ ఊళ్లో. ఒంటరిగా ఒక చోటునుంచి ఇంకో చోటికి పోవడం ఇదే మొదలు.” మేమేమియు ననలేదు. కొంతసేపటికి ఆమె, “మొదటి స్టేషన్లో భయమేసింది. తరవాత ఎందుకో వెయ్యలేదు” అని ప్రక్కకు తిరిగి పడుకొనిరి.

గార్డెన్ రీచికి మెట్రో లేదు. టాక్సీలో ఖిదిర్‌పూరుమీదుగా పోయితిమి. ఇల్లు లేదు. ఆ వరుసయంతయు తీసివేసి మేడలు కట్టియున్నారు. కొళాయియుండిన చోటను రావిచెట్టు మాత్రము గలదు. “ఇదే” అనిరి. దానిని చూచినంతసేపు చూచి, రెండు ఆకులు కోసి కొంగున ముడివేసికొని, “పోదాం పదండి, టాక్సీవాడు కాచుకున్నాడు” అనిరి. తిరుగుదారిలో అతనితో అతని బిడ్డల చదువులగురించి ముచ్చటించుచు వచ్చిరి.

ఆ దినమునుండి టిక్కెట్లు కొనుట అత్తగారి పని. అయిదురూపాయలది, పదిరూపాయలది యని కిటికీలోనికి చేయి పెట్టి తామే అడుగుచుండిరి; చిల్లరను రెండుమారులు లెక్కపెట్టుకొనుచుండిరి. ఫోను జాకెట్టులో నుంచుకొనిరి. కదలుమెట్లమీద మాకంటె ముందు దిగుచు, “కుచ్చెళ్లు, కుచ్చెళ్లు” అని వెనుదిరిగి మమ్ము హెచ్చరింపసాగిరి.

వెళ్లునాడు హౌరాకు టాక్సీలో పోదమని మేము సామాను క్రిందికి దింపితిమి. అత్తగారు అంగీకరింపలేదు. పెట్టెలు మూడు, సంచులు రెండు, మజ్జిగ సీసా ఒకటి. వానితో ఎస్ప్లనేడులో మెట్రో దిగితిమి. ఉదయమగుటచే రద్దీ లేదు. మహాకరణ్ వచ్చినది, పోయినది. అత్తగారు ఈమారును చెప్పులు విడిచిరి. కాని కాళ్లు మడుచుకొనలేదు. లేచి తలుపుయొద్దకు పోయి, కమ్మిని పట్టుకొని, అద్దమునకు ముఖమానించి నిలిచిరి. నీలిదీపములు మొదలైనవి. ఏక్, దుయి, తిన్, చార్ అని ఆమె పెదవులు కదలుచుండెను.

బండి నిలిచినది. మేము పెట్టెలు దింపుకొనుచుండగా ఆమె ప్లాటుఫారముమీద నిలిచి చెప్పులు తొడుగుకొనుచు, “నలభై ఒకటే వచ్చింది. మీరు నలభై అయిదన్నారు. నేనే తొందరగా లెక్కపెట్టానేమో” అనిరి.